రెండు తాళాలు: ఒకటి వీధికి, ఒకటి ఇంటికి

సైకిలు తాళం కొనడానికి కొట్టుకు వెళ్ళినవాళ్ళు అడిగేది సాధారణంగా ఒకటే మాట: "గట్టిది చూపించండి." కొట్టతను లావుగా కనిపించేది తీసి బల్ల మీద పెడతాడు. బేరం కుదురుతుంది. ఆ తాళాన్ని ఎక్కడ వేస్తారో, ఎంతసేపు వేసి ఉంచుతారో ఇద్దరిలో ఎవరూ ఎత్తరు. ఈ అధ్యాయమంతా ఎవరూ ఎత్తని ఆ విషయం గురించే.

చెన్నైలో ఇంటి పనులకు వాడే సైకిలు రోజులో రెండు రకాల చోట్ల నిలుస్తుంది. పొద్దున్నే ఆవిన్ పాల బూతు ముందు, తర్వాత అణ్ణాచ్చి కొట్టు దగ్గర, సాయంత్రం కూరగాయల బండి పక్కన, శనివారమైతే టీ నగర్ వెంకటనారాయణ రోడ్డులో తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడి దగ్గర. పది నిమిషాలు, మహా అయితే అరగంట. చుట్టూ జనం ఉంటారు, వెలుతురు ఉంటుంది. రెండో చోటు ఇల్లు. అపార్టుమెంటు కింద స్తంభాల మధ్య, రాత్రి పది నుంచి తెల్లవారుజామున ఐదింటి దాకా, ఎవరి కంటా పడని మూల. బజారులో శ్రద్ధగా తాళం వేసేవాళ్ళే ఇంటికొచ్చాక "గేటు లోపలే కదా" అనుకుని స్టాండు వేసి పైకి వెళ్ళిపోతారు. దొంగకు అన్నిటికంటే ముందు కావలసింది తీరిక. అది వాడికి మన ఇంటి కిందే దొరుకుతుంది.

అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. రెండు తాళాలు కొనండి. సైకిలుతో పాటు తిరిగేది తేలిగ్గా, చప్పున వేయగలిగేలా ఉండాలి. రెండోది ఇంటి దగ్గరే పడి ఉండాలి, ఎంత బరువైనా ఫరవాలేదు. రెండు పనులూ ఒక్క తాళంతోనే చేయించాలనుకుంటే అది వీధికి బరువవుతుంది, ఇంటికి చాలదు. బరువు తాళాన్ని కొత్తలో ఉత్సాహంగా మోస్తారు. తర్వాత "ఇప్పుడే వచ్చేస్తాగా" అని ఇంట్లోనే వదిలేస్తారు.

తెగని తాళమంటూ లేదు. బ్యాటరీతో నడిచే కటింగ్ మిషన్ చేతిలో ఉంటే మంచి ఉక్కు కూడా నిమిషాల్లో తెగుతుంది. కానీ ఆ మిషన్ పెద్దగా అరుస్తుంది, నిప్పురవ్వలు చిమ్ముతుంది. పట్టపగలు మైలాపూరు మాడవీధిలో దాన్ని బయటికి తీసే ధైర్యం ఎవరికీ ఉండదు. పగటి దొంగ వేరు. తాళం లేని సైకిలు కనిపిస్తే ఎక్కి తొక్కుకుపోతాడు. ఇంకాస్త తెగించినవాడి సంచిలో చిన్న కట్టర్ ఉంటుంది. రాత్రి వచ్చేవాడు చిన్న ట్రక్కు తెచ్చుకుని నాలుగు సైకిళ్ళు ఒకేసారి ఎక్కించుకుపోగలడు. ఏ చోట ఏ దొంగ వస్తాడో ఊహించగలిగితే తాళం ఎంపిక సగం అయిపోయినట్టే.

వీధి తాళం

1949లో మురుగప్ప కుటుంబం, బ్రిటన్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కంపెనీ కలిసి మద్రాసులో టీఐ సైకిల్స్ సంస్థను పెట్టాయి. అంబత్తూరు ఫ్యాక్టరీలో తయారైన హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్ళ మీద ఈ ఊళ్ళో కొన్ని తరాలు తిరిగాయి. ఆ నల్ల సైకిలు బరువుగా ఉండేది, చక్రాలు నట్లతో బిగించి ఉండేవి, వెనక చక్రం మీద గుండ్రటి తాళం ఉండేది. చెవి తిప్పి కిందికి నొక్కితే ఉక్కు కడ్డీ పుల్లల మధ్య నుంచి దూరి చక్రాన్ని ఆపేస్తుంది. చిన్న పనులకు ఇంతకంటే సుఖమైన తాళం ఇప్పటికీ రాలేదని నా నమ్మకం. విడిగా మోయక్కర్లేదు, వేయడానికి రెండు క్షణాలు చాలు. తేలిగ్గా వేయగలిగిన తాళాన్నే మనిషి ప్రతిసారీ వేస్తాడు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మీ టైరు వెడల్పుకు అది పడుతుందో లేదో కొట్టు దగ్గరే పెట్టి చూడండి, లావు టైర్ల కొత్త సైకిళ్ళకు పాత సైజు తాళం పట్టదు. ప్లాస్టిక్ పట్టీలతో కట్టేది వద్దు, బోల్టులతో ఫ్రేముకు బిగించేదే తీసుకోండి. చాలా రకాల్లో తాళం తెరిచి ఉన్నంతసేపూ చెవి దానిలోనే ఉండిపోతుంది. కాబట్టి ఆ చెవిని ఇంటి తాళాల గుత్తికి తగిలించకండి. ఒకరోజు తాళం వేయడం మరిచిపోతే సైకిలుతో పాటు ఇంటి తలుపు కూడా పరాయివాడి చేతికి ఇచ్చినట్టవుతుంది.

దీని లోపం దాచనక్కర్లేదు. ఇది చక్రాన్ని ఆపుతుంది గానీ సైకిలును దేనికీ కట్టదు. వెనక చక్రం ఎత్తిపట్టుకుని నడిపించుకుపోవచ్చు, ఆటోలో పడేసుకోవచ్చు. కొట్టు గడప దగ్గర, మీ చూపు పడేంత దూరంలో ఉన్నప్పుడు అది చాలు. రంగనాథన్ వీధి జనంలోకి వెళ్ళాలని పానగల్ పార్కు వైపు ఎక్కడో సైకిలు వదిలి గంటసేపు మాయమైతే చాలదు. అప్పుడు దాన్ని కదలని దేనికైనా కట్టేయాలి.

కట్టడానికి మనవాళ్ళు మొదట కొనేది తీగ తాళం. రంగు ప్లాస్టిక్ తొడుగు వల్ల అది వేలంత లావుగా కనిపిస్తుంది. లోపల ఉన్నది సన్నని ఉక్కు పోగులు పేనిన తాడు. చేతి కట్టరుతో ఒక్కో పోగూ తెంపుతూ పోతే కొద్ది క్షణాల పని. దాన్ని ప్రధాన తాళంగా నమ్మకండి. గుండ్రటి తాళానికి తోడుగా, ముందు చక్రాన్నీ సీటునూ కలిపి కట్టడానికి మాత్రం పనికొస్తుంది.

నంబరు తాళాలకు ఒక మంచి గుణం ఉంది. ఇంట్లో నలుగురూ ఒకే సైకిలు వాడుకునేటప్పుడు చెవి ఎవరి దగ్గరుందని వెతుక్కోనక్కర్లేదు. అయితే లెక్క చూడండి. మూడు అంకెల తాళానికి 1,000 కూర్పులే. ఒక్కోదానికి రెండు క్షణాలు పట్టినా మొత్తం అరగంట పైచిలుకులో అయిపోతుంది. నాలుగు అంకెలైతే 10,000 కూర్పులు, అయిదున్నర గంటలు. చవక రకాల్లో ఈ లెక్క కూడా నిలవదు. తీగను లాగి పట్టుకుని అంకెల చక్రం తిప్పితే సరైన అంకె దగ్గర పట్టు చేతికి తెలిసిపోతుంది. దానికి తోడు మన అలవాట్లు. పుట్టిన సంవత్సరమో, ఫోను నంబరు చివరి నాలుగు అంకెలో పెడతాం. తాళం వేసేటప్పుడు చివరి అంకె ఒక్కటే అటూ ఇటూ జరిపి వెళ్ళిపోతాం. నంబరు తాళం వాడేవాళ్ళు అన్ని చక్రాలూ తిప్పేసే అలవాటు చేసుకోవాలి.

గంటసేపు వదిలే పనులు ఎక్కువైతే, సైకిలు ఖరీదైనదైతే, యు ఆకారపు తాళం కొనండి. దీని కథ తెలుసుకుంటే ఎలా వాడాలో కూడా తెలుస్తుంది. 1971లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో మైకేల్ జేన్ అనే ఆయన క్రిప్టొనైట్ పేరుతో ఈ తాళాల కంపెనీ పెట్టాడు. తాళం బలం చూపించడానికి న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ఒక సైకిలును స్తంభానికి కట్టి 30 రోజులు వదిలేశారు. తాళం తెగలేదు. కానీ తాళం పట్టు లేని భాగాలన్నీ ఒక్కొక్కటిగా ఊడిపోయాయి. మీ ఇంటి ముందు నిలిచే సైకిలుకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇప్పటి సైకిళ్ళలో చాలావాటికి చేత్తో మీట తిప్పితే ఊడివచ్చే చక్రాలు ఉంటాయి. ఇటలీ పందేల సైక్లిస్టు తులియో కాంపాగ్నోలో 1930 ప్రాంతంలో రూపొందించిన ఆ ఏర్పాటు పందెంలో చక్రం చప్పున మార్చడానికి. పాలకూ కూరలకూ వెళ్ళే సైకిలుకు ఆ వేగంతో పని లేదు. మెకానిక్కుకు చెప్పి మీటల బదులు పానాతో విప్పే రకం వేయించుకోండి. ఖర్చు స్వల్పం, ఊరట ఎక్కువ.

అదే క్రిప్టొనైట్ చరిత్రలో మరో ఘట్టం 2004 నాటిది. గుండ్రటి గొట్టం లాంటి చెవి పట్టే తాళాలను చవక బాల్‌పెన్ను గొట్టంతో తెరవవచ్చని ఆ సెప్టెంబరులో లోకానికి తెలిసిపోయింది. కంపెనీ వాటిని ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది. అలాంటి గొట్టపు చెవి తాళాలు చవక సరుకులో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. చెవి బల్లపరుపుగా, అంచుల్లో గాడులతో ఉందేమో చూసి కొనండి.

కట్టే పద్ధతి తాళమంత ముఖ్యం. మసాచుసెట్స్‌లో సైకిలు మెకానిక్కుగా, సైకిలు విషయాల రచయితగా పేరు తెచ్చుకున్న షెల్డన్ బ్రౌన్ (1944–2008) ఒక సులువు చెప్పేవాడు. సీటు కింద ఫ్రేము వెనక భాగం త్రికోణంలా ఉంటుంది కదా, ఆ త్రికోణం లోపల వెనక చక్రపు రిమ్మును, బయటి స్తంభాన్ని కలిపి తాళం వేస్తే చాలు. చక్రం ఆ త్రికోణంలోంచి బయటికి లాగడానికి రాదు, కనుక ఫ్రేము కూడా కదలదు. చిన్న తాళంతోనే పని జరుగుతుంది. తాళం చిన్నదైనకొద్దీ గడ్డపార దూర్చి విరగ్గొట్టే సందు తగ్గుతుంది.

దేనికి కట్టాలన్నది చెన్నైలో ప్రాణానికి సంబంధించిన విషయం. కరెంటు స్తంభానికి గానీ, వీధి పక్కన ఉండే ఈబీ పెట్టెకు గానీ సైకిలు ఎప్పుడూ కట్టకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో, నీళ్ళు నిలిచిన వీధిలో, అక్కడ కరెంటు లీకయితే తాళం విప్పడానికి చెయ్యి పెట్టినవాడి ప్రాణం పోతుంది. బోర్డు స్తంభాన్ని ఒకసారి ఊపి చూడండి, కొన్ని మట్టిలోంచి పైకి వచ్చేస్తాయి. చెట్టు మొక్కల చుట్టూ ఉండే కంచె కూడా నమ్మదగింది కాదు. కొట్టు షట్టరు పక్కన గోడలో దిగిన ఇనుప కొక్కెం, మెట్ల పిట్టగోడ గ్రిల్లు మంచివి. కొట్టాయన్ని ఒక మాట అడిగి కట్టండి. అడిగితే ఆయన చూపు కూడా సైకిలు మీద ఉంటుంది. రైల్వే స్టేషన్ల దగ్గర టోకెన్ ఇచ్చే స్టాండుల్లో మాత్రం దేనికీ కట్టవద్దు, స్టాండువాళ్ళు జరుపుకుంటూ ఉంటారు. అక్కడికి గుండ్రటి తాళం ఒక్కటే సరి.

ఇంటి తాళం

చెన్నై అపార్టుమెంట్లలో కార్లకు గీతలు గీసి నంబర్లు వేస్తారు. సైకిళ్ళు మాత్రం మోటారు గది పక్కన, మెట్ల కింద, ప్రహరీ గోడ వెంట ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. పిల్లలు పెరిగిపోయి వదిలేసినవి, గాలి పోయినవి, చైను తుప్పు పట్టినవి కొన్ని. ఆ గుంపులోంచి మంచి సైకిలు ఒకటి మాయమైతే వారం గడిచినా ఎవరికీ తెలియదు. దొంగకు తాళం తెగ్గొట్టే పనికంటే ముందు జరిగే మేలు ఇదే. అసోసియేషన్ మీటింగులో లేచి రెండు విషయాలు అడగండి. వాడని సైకిళ్ళను బాగుచేయించి వాచ్‌మన్ పిల్లలకో, పక్క బడి పిల్లలకో ఇచ్చేయాలి. మిగిలినవాటికి ఒక ఇనుప కమ్మీ పెట్టించాలి. లావు జీఐ పైపును వంచి రెండు కొసలూ నేల కాంక్రీటులో దింపితే పది సైకిళ్ళకు ఆధారమవుతుంది. వెల్డరుకు పెద్ద పనేమీ కాదు.

ఆ కమ్మీ ఎక్కడ పెట్టించాలో జాగ్రత్త. భవనం మోస్తున్న కాంక్రీటు స్తంభానికి రంధ్రం వేయించవద్దు. లోపలి చువ్వల దాకా తేమ దిగితే సముద్రపు గాలి వీచే ఈ ఊళ్ళో తుప్పు ఊరుకోదు. నేలలో దింపేటప్పుడు కింద నీళ్ళ సంపు లేదని చూసుకోండి. బోల్టులతో బిగిస్తే వాటి తలలు వెల్డింగ్ చేయించండి, లేకపోతే పానా ఉన్న ఎవరైనా విప్పుతారు. మెట్ల చేతిపట్టుకు కట్టి దారి అడ్డం పెట్టడం మాత్రం ఎంత ఇరుకైనా వద్దు. నిప్పు అంటుకున్న రాత్రి అందరూ పరుగెత్తేది ఆ మెట్ల మీదే.

ఇక తాళం. ఇక్కడ గొలుసే కావాలి. పారీస్, బ్రాడ్‌వే వైపు హార్డ్‌వేర్ కొట్లలో గొలుసు కావలసినంత పొడుగు కోసి ఇస్తారు. అక్కడే ఒక పరీక్ష జరిగిపోతుంది: కొట్టతను మీ ముందే చేతి కట్టరుతో సులువుగా తెంపి ఇచ్చిన గొలుసు దొంగ చేతిలోనూ అంతే సులువుగా తెగుతుంది. ఇంకో పరీక్ష ఆకురాయితో. లింకు మీద ఒక మూల గీయండి. గీత పడితే అది మెత్తని ఇనుము. ఆకురాయి జారిపోతే గట్టిపరచిన ఉక్కు. లింకు మందం 10 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలి, 12 అయితే ఇంకా మేలు. మీటరు గొలుసు రెండు కిలోలు దాటుతుంది. దాటనివ్వండి, అది మెట్ల కింద నుంచి కదలదు. ఇంటికి సైకిలు రాగానే గొలుసు దాని కోసం సిద్ధంగా వేలాడుతూ ఉంటుంది.

గొలుసుకు వేసే కప్పతాళం గొలుసంత బలంగా ఉండాలి. చాలామంది ఇక్కడే పొదుపు చేస్తారు. తమిళనాడులో దిండిగల్ తాళాలకు పెద్ద పేరు, 2019లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఉత్తరాదిన అలీగఢ్‌కు అదే పేరు. ఎక్కడిదైనా సరే, పైన వంకీ ఎంత తక్కువ బయటికి కనిపిస్తే అంత మంచిది. వంకీకి రెండు పక్కలా భుజాల్లా లోహం పైకి లేచి ఉన్న రకం అడగండి, కట్టరు దవడలకు పట్టు దొరకదు. గొలుసును ఫ్రేములోంచి, వెనక చక్రంలోంచి, కమ్మీ చుట్టూ తిప్పి వదులు లేకుండా బిగించండి. తాళం నేలకు ఆనకూడదు. నేల మీద ఉన్న తాళాన్ని సుత్తితో పగలగొట్టడం తేలిక, గాలిలో వేలాడే తాళం దెబ్బకు పక్కకు జరిగిపోతుంది.

పశ్చిమ మాంబళంలో, మైలాపూరులో ఇంకా మిగిలిన పాత ఇళ్ళవాళ్ళకు పని సులువు. పక్కసందులోనో వసారాలోనో కిటికీ గ్రిల్లు ఉంటుంది. గ్రిల్లు గోడలోకి దిగినదా, లేక బయటినుంచి స్క్రూలతో బిగించినదా అన్నదొక్కటే చూసుకోండి. ఫ్లాటు లోపలికి, బాల్కనీలోకి తెచ్చుకోగలిగినవాళ్ళు తెచ్చుకోండి. అంతకు మించిన కాపలా లేదు.

బెసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రపు ఒడ్డు పేటల్లో తాళాలను దొంగకంటే ముందు ఉప్పుగాలి పాడుచేస్తుంది. చెవి రంధ్రానికి మూత ఉన్న తాళం కొనండి, రంధ్రం కిందికి చూసేలా వేలాడదీయండి. నెలకోసారి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె గానీ, కాస్త గ్రాఫైట్ పొడి గానీ వేయండి. కొబ్బరినూనె, గ్రీజు వద్దు, దుమ్ము పట్టి లోపల జిడ్డు గడ్డకడుతుంది. 2015 డిసెంబరులోనూ, బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరులో ఇక్కడ కుండపోత కురిపించినప్పుడూ ఎన్నో ఇళ్ళ కింది అంతస్తులు మునిగాయి. నీళ్ళు పెరుగుతున్నప్పుడు సైకిళ్ళు విప్పి పైకి మోయాలంటే చెవి వెంటనే దొరకాలి. రెండో చెవిని పై ఇంట్లో అందరికీ తెలిసిన మేకుకు తగిలించి ఉంచండి. మునిగిన తాళాన్ని మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె వేస్తే చాలావరకు బతుకుతుంది.

పోతే ఎలా

ఒకప్పుడు మన మునిసిపాలిటీలు సైకిలుకు పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవి. ఇప్పుడు సైకిలుకు రిజిస్ట్రేషన్ లేదు, నంబరు ప్లేటు లేదు. అది మీదేనని చెప్పగల గుర్తు ఫ్రేము మీద చెక్కిన నంబరు ఒక్కటే. సాధారణంగా పెడళ్ళ ఇరుసు కింది గొట్టం మీద ఉంటుంది, సైకిలు తలకిందులు చేస్తే కనిపిస్తుంది. ఆ నంబరు రాసిపెట్టుకోవడం అందరికంటే ఎక్కువగా ప్లస్ వన్ (పదకొండో తరగతి) చదివే పిల్లలకు అవసరం. జయలలిత ప్రభుత్వం 2001-02లో మొదలుపెట్టి ఆ తర్వాత విస్తరించిన పథకం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు వస్తున్నాయి. ఒక బడి పిల్లలవన్నీ ఒకే రంగు, ఒకే తీరు. ఒకటి మారిపోయినా, పోయినా ఏది ఎవరిదో నంబరు చూస్తేనే తేలుతుంది. దూరం నుంచి బడికి వచ్చే ఆడపిల్లకు ఆ సైకిలు పోవడమంటే చదువే కష్టంలో పడటం. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికో, వాచ్‌మన్ కొడుక్కో అలాంటి సైకిలు ఉంటే, ఆ నంబరు రాసిపెట్టడంలో మీరే సాయం చేయండి, ఒక గుండ్రటి తాళం కూడా కొనిపెట్టండి.

దొంగతనం జరిగితే సిగ్గుపడి ఊరుకోకండి. "సైకిలే కదా" అని స్టేషనులో తేలిగ్గా తీసుకున్నా ఫిర్యాదు రాసివ్వండి, కనీసం ఫిర్యాదు అందినట్టు ఇచ్చే సీఎస్ఆర్ రసీదు తీసుకోండి, ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద దొంగతనానికి మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. నివాసంలో జరిగిన దొంగతనానికి 305వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా. కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇవన్నీ పనిచేయాలంటే మీ చేతిలో ఫ్రేము నంబరు, కొన్న రసీదు, సైకిలు ఫోటో ఉండాలి.

తాళాలు రేపు కొనవచ్చు. ఇవాళ రాత్రి మాత్రం కిందికి దిగి, సైకిలు తిరగేసి, ఆ నంబరును ఫోనులో ఫోటో తీసుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.